విమానచోదకుని కన్ను – మనోభారమునకు కొలత

నలోపాఖ్యానము విననివారు మనలో అరుదు. స్వయంవర సభలో దమయంతి యెదుట ఐదుగురు నలులు కనబడిరి. అందు నలుగురు దేవతలు, ఒక్కడే మానవుడు. రూపమునందు గాని వేషమునందు గాని ఇసుమంతయు భేదము లేదు. ఆ రాజపుత్రి మనసార ప్రార్థింపగా దేవతలు తమ దివ్యచిహ్నములను బయలుపఱచిరి. ఆ చిహ్నములలో నొకటి ఱెప్పపాటు లేకపోవుట. దేవతలు అనిమిషులు. ఎవని ఱెప్ప వాలెనో వాడే మానవుడు, వాడే నలుడు. తక్కిన గుఱుతులతోపాటు ఆ ఱెప్పపాటును కూడ నమ్మియే దమయంతి పుష్పమాలికను అతని మెడలో వైచెను.

కన్నును చూచి మనిషి నెఱుగుట ఇంత పురాతనమైన విద్య. విమానములు నడుపువారి విషయమున ఈ విద్యను నేటి శాస్త్రజ్ఞులు ఎట్లు వినియోగించుచున్నారో, అది యెందుల కవసరమైనదో ఈ మాసము ముచ్చటింతము. విమానములతో మనకేమి పని యని కొందఱు తలంపవచ్చును. కాని విమానమెక్కి దూరదేశమునకు వెడలిన కొడుకో కూతురో లేని వీధి నేడు మన తెలుగునాట అరుదు. బిడ్డ క్షేమముగా దిగెనను వార్త చెవిని బడువఱకు తల్లికి కన్ను మూతపడదు. ఆ క్షేమము ఆకాశమున మఱియొకరి కన్నులపై ఆధారపడి యున్నప్పుడు, ఆ కన్నుల సంగతి మనకు పరాయిది కాదు.

ముందుగా కన్ను చూచు విధము నెఱుగవలయును. ఎదుటనున్న దంతయు ఒక్కసారిగా స్పష్టముగా చూచుచున్నామని మనము తలంతుము. అది భ్రమ. చేయి చాచి బొటనవ్రేలిని నిలువబెట్టినచో ఆ గోరు ఎంత మేర కనబడునో, కన్ను ఒక్క నిలుకడలో నిశితముగా చూడగల మేర ఇంచుమించు అంతియే. తక్కినదంతయు మసక. అందుచేత కన్ను ఒకచోట నిలిచి, అచ్చటినుండి దుమికి, మఱియొకచోట నిలుచుచుండును. ఇట్లు సెకనునకు మూడు నాలుగు పర్యాయములు జరుగును. మీరీ పుటను చదువుచున్న యీ క్షణమున మీ కన్ను పంక్తివెంట నీటివలె ప్రవహించుట లేదు, పిచ్చుకవలె గెంతుచున్నది. గెంతుచున్న లిప్తకాలమున దృష్టి దాదాపుగా మఱుగుపడును. కాని ఆ మఱుగు మనకు తెలియదు.

దీనికి నిదర్శనము మీ యింటి అద్దముననే కలదు. అద్దములో మీ యెడమకంటిని చూడుడు. వెంటనే కుడికంటిని చూడుడు. మరల ఎడమకంటిని చూడుడు. మీ కన్నులు కదలుట మీకు ఎంతమాత్రము కనబడదు. ప్రక్కనున్న పిల్లను పిలిచి అడిగినచో, "కదలుచునే యున్నవిగదా అమ్మా!" యని నవ్వును. మన కంటి కదలిక మనకు తెలియదు, ఎదుటివారికి తెలియును. ఈ చిన్న సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. దీనితో ముందు పని యున్నది.

కన్ను గెంతునను విషయమును పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున ఐరోపాలో గుర్తించిరి. ఆ కాలపువారిలో పారిసు నగరపు నేత్రవైద్యుడు ఎమీల్ జవాల్ ప్రసిద్ధుడు. చదువరుల కన్నులను గూర్చి అంతగా శ్రమించిన ఆ వైద్యుడు వార్ధకమున నీటికాసుల వ్యాధిచే తానే చూపు గోల్పోయెను. అమెరికాలో ఎడ్మండ్ హ్యూయీ అనునతడు కంటికి తిమ్మిరిమందు వేసి, నడుమ రంధ్రముగల చిన్న గిన్నెవంటిదానిని కనుగ్రుడ్డుపై అమర్చి, దానికొక సన్నని ములుకు తగిల్చి, కంటి కదలికలను గీతలుగా వ్రాయించెను. వినుటకే ఒడలు జలదరించును. 1901లో రేమండ్ డాడ్జ్, థామస్ క్లైన్ అనువారు ఇంతకంటె సాధువైన మార్గము కనిపెట్టిరి. కంటిపై వెలుగును ప్రసరింపజేసి, నల్లగ్రుడ్డు ముందరి పారదర్శకమైన పొరపై మెఱయు ప్రతిబింబమును ఛాయాచిత్రముగా పట్టిరి. కంటిని ముట్టవలసిన పనియే లేదు. నేటి పరికరములకును ఇదియే పునాది. మనకు కనబడని పరారుణకిరణములను కంటిపై ప్రసరింపజేసి, ఆ మెఱుపు ఎచ్చట నున్నదో, కనుపాప నడిమిచుక్క ఎచ్చట నున్నదో చిన్న కెమెరా సెకనునకు అఱువది పర్యాయములో అంతకెక్కువో చూచుచుండును. ఆ రెంటి నడిమి దూరమునుబట్టి చూపు ఎచ్చట నిలిచినదో గణితమువలన తేలును.

ఇక విమానచోదకుని చెంతకు పోవుదము. పగటివేళ ఆకాశము నిర్మలముగా నున్నప్పుడు అతడు బయటి దిక్కులను చూచి నడుపవచ్చును. చీకటిలోను మేఘములలోను అతనికి నేల కనబడదు, దిక్కు కనబడదు. తాను ఒఱిగి యున్నాడో నిటారుగా నున్నాడో శరీరము సరిగా చెప్పజాలదు. ఎదుటనున్న పరికరములే అతనికి దిక్కు. ఎత్తు తెలుపునది యొకటి, వేగము తెలుపునది యొకటి, దిశ తెలుపునది యొకటి, విమానపు ఒఱుగు తెలుపునది యొకటి. వీనిపై చూపును నిరంతరము త్రిప్పుచునే యుండవలయును. చెవిలో నేలమీదివారి ఆజ్ఞలు వినబడుచుండును. చేయి పని చేయుచుండును. మనస్సు రాబోవు నిమిషమును లెక్కించుచుండును.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట అమెరికా వాయుసేనలో పాల్ ఫిట్స్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన సహచరులతో గూడి 1947 మొదలు ఈ విషయమును పరిశీలించెను. పరికరముల సహాయముతో విమానమును దింపుచున్న చోదకుల కన్నులను చలనచిత్రములుగా తీయించి, ఆ చిత్రములను ఒక్కొక్కటిగా చూచి, ఏ పరికరముపై ఎన్నిమార్లు చూపు నిలిచినది, ఎంతసేపు నిలిచినది, అచ్చటినుండి దేనికి పోయినది యని లెక్కించిరి. ఎంత ఓపికయో తలచుకొనుడు! 1950లో ప్రకటించిన ఫలితము ఇది. ఒక పరికరమును మాటిమాటికి చూచినచో అది ముఖ్యమైనదని అర్థము. ఒక్కొక్కసారి చాలసేపు చూడవలసి వచ్చినచో దానిని చదువుట కష్టమని అర్థము. ఒకదాని వెంట నొకటి చూడవలసినవానిని ఒకదాని ప్రక్క నొకటి పెట్టవలయును. నేటి విమానములలో గాజుతెఱపై సయితము విమానపు ఒఱుగు నడుమను, వేగము ఎడమను, ఎత్తు కుడిని, దిశ క్రిందను ఉండును. వంటింట ఉప్పుడబ్బా, పోపులపెట్టె చేతికందునంత దూరమున పెట్టుకొను గృహిణికి ఈ నీతి క్రొత్తది గాదు. క్రొత్తదనమెల్ల దానిని కన్నుల సాక్ష్యముతో నిరూపించుటలో నున్నది.

కన్ను ఎచ్చట నిలిచినదో తెలిసినది. లోపలి మనస్సు ఎంత బరువు మోయుచున్నదో ఎట్లు తెలియును? ఇచ్చట ఒక గృహిణి ప్రస్తావన వచ్చుచున్నది. షికాగో విశ్వవిద్యాలయమున ఎక్‌హార్డ్ హెస్ అను ఆచార్యుడు ఒకనాటి రాత్రి పడకపై జంతువుల చిత్రములుగల అందమైన పుస్తకమును త్రిప్పుచుండెనట. అతని భార్య అటు చూచి, దీపపు వెలుగు చాలకున్నదేమో, మీ కనుపాపలు మిక్కిలి పెద్దవిగా నున్నవని పలికెను. వెలుగు చాలినంత యున్నది. మఱి కనుపాప లేల విచ్చుకొన్నవి? ఆ మాట పట్టుకొని ఆచార్యుడు పరిశోధన మొదలుపెట్టెను. ఇష్టమైనదానిని చూచునప్పుడు మాత్రమే గాక, మనస్సులో గుణకారము చేయునప్పుడును కనుపాప విచ్చుకొనుననియు, లెక్క ఎంత కఠినమైన అంతగా విచ్చుకొనుననియు 1964లో హెస్, జేమ్స్ పోల్ట్ ప్రకటించిరి. 1966లో డేనియల్ కాహ్నెమన్, జాక్సన్ బీటీ అనువారు వరుసగా అంకెలను వినిపించి మరల చెప్పుమనిరి. ఒక్కొక్క అంకె చెవిని బడినకొలది కనుపాప పెద్దదగుచు వచ్చెను. ఒక్కొక్క అంకెను అప్పగించినకొలది చిన్నదగుచు వచ్చెను. తలపై బుట్టలో ఇటుకలు పేర్చుచు దించుచు నున్నట్లు కంటికి కనబడెను. ఈ కాహ్నెమన్ పండితునికే 2002లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చెను.

ఱెప్పపాటు సంగతియు ఇట్టిదే. సూదిలో దారము గ్రుచ్చునప్పుడు మనము ఱెప్ప వేయము. చూపుతో గట్టిపని పడినప్పుడు, ఱెప్ప వాలిన లిప్తలో ఏదియో తప్పిపోవునను జాగ్రత్తచే ఱెప్పపాట్లు తగ్గును. విమానమును నేలకు దింపు ఘడియలలో చోదకుడు అనిమిషుడగుటకు మిగుల దగ్గఱలో నుండును. అతడు దేవత గాడు గనుక అది ఆయాసమునకు గుఱుతు.

మనోభారమును కొలుచు మఱియొక ఉపాయము మన అష్టావధానమును తలపించును. అవధాని సమస్యను పూరించుచుండగా, నిషిద్ధాక్షరి నడుచుచుండగా, ఒకరు గంట కొట్టుదురు. ఎన్ని గంటలు మ్రోగెనో అతడు లెక్క తప్పకుండ చెప్పవలయును. మఱియొకరు అప్రస్తుత ప్రసంగముచే మాటిమాటికి అడ్డుపడుదురు. ముఖ్యకార్యమునకు పైన చిల్లరపని తగిలించి, అవధానము ఎచ్చట జాఱునో పరీక్షించుటయే అందలి మర్మము. వర్జీనియా రాష్ట్రమున లాంగ్లీయందు నాసా సంస్థవారు 1980 ప్రాంతములందు చోదకులకు ఇట్లే చేసిరి. విమానమును నడుపుచుండగా అంకెలతో కూడిన పనిని చెవిలో వినిపించిరి. బరువు పెరిగినకొలది చూపు ఒక్కొక్క పరికరముపై ఎక్కువసేపు అతుకుకొనిపోవ సాగెను. త్రిప్పవలసిన చూపు తిరుగుట మందగించెను. అనుభవము తక్కువైన వారియందు ఈ మార్పు అధికముగా కనబడెను. నేర్పరుల చూపు తన క్రమమును అంత సులువుగా విడువలేదు.

ద్రోణాచార్యుల పరీక్ష మీకు తెలిసినదే. చెట్టు కనబడుచున్నదా, కొమ్మ కనబడుచున్నదా యని గురువడిగినప్పుడు, పక్షి శిరస్సు తప్ప మఱేమియు కనబడలేదని అర్జునుడు చెప్పి మెప్పు పొందెను. విలుకానికి అది మహాగుణము. విమానచోదకునికి అదియే మహాదోషము. చెట్టును, కొమ్మను, పక్షిని, గురువును, తోటి శిష్యులను, వెనుకనుండి వచ్చు గాలివానను గూడ వాడు చూడవలయును.

ఈ మాట అతిశయోక్తి గాదనుటకు 1972 డిసెంబరు 29వ తేదీ రాత్రి జరిగిన సంఘటన చాలును. ఈస్టర్న్ ఎయిర్ లైన్స్ వారి 401వ విమానము న్యూయార్కునుండి మయామీ నగరమునకు వచ్చుచుండెను. దిగబోవు సమయమున ముందరి చక్రము దిగినదని తెలుపవలసిన చిన్న దీపము వెలుగలేదు. చోదకులు విమానమును రెండువేల అడుగుల ఎత్తునకు లేపి, స్వయంచాలక యంత్రమునకు అప్పగించి, ఆ దీపమును విప్పి చూచుటలో మునిగిరి. తెలియకయే ఎత్తును నిలుపు కట్టు విడిపోయెను. విమానము మెల్లమెల్లగా దిగుచుండెను. ఎత్తు తప్పినదని హెచ్చరించు గంట మ్రోగెను. ఎవరి చెవికి ఎక్కలేదు. ఎత్తు తెలుపు పరికరము కన్నుల ఎదుటనే యుండెను, ఎవరును చూడలేదు. చీకటిలో విమానము ఎవర్‌గ్లేడ్స్ అను చిత్తడినేలలో కూలెను. లోనున్న 176 మందిలో 101 మంది మరణించిరి. పిమ్మట విచారింపగా, చక్రము సరిగానే దిగియుండెను. చెడినది దీపపు బుడ్డి మాత్రమే. ఆ గదిలోనివారు అసమర్థులు గారు, అజాగరూకులును గారు. వారు మిక్కిలి శ్రద్ధగా చూచుచుండిరి. ఒక్క దీపమునే చూచుచుండిరి.

అట్లయిన చోదకుని అడిగినచో చాలదా యని మీరనవచ్చును. అడుగుదురు. 1988లో నాసా సంస్థ ఏమ్స్ పరిశోధనాలయమునకు చెందిన సాండ్రా హార్ట్ అను విదుషీమణి, లోవెల్ స్టేవ్‌ల్యాండ్ అను సహచరునితో గూడి ఆఱు అంశములుగల ప్రశ్నాపత్రమును ప్రకటించెను. మనస్సునకు శ్రమ ఎంత, శరీరమునకు ఎంత, కాలపు తొందర ఎంత, పని ఎంత చక్కగా నెఱవేఱినది, ప్రయాస ఎంత, విసుగు ఎంత యని అందు అడుగుదురు. నేటికిని అది లోకమంతట వాడుకలో నున్నది. కాని పని ముగిసిన పిమ్మట అడిగినచో జ్ఞాపకము మోసగింపవచ్చును; పని నడుమ అడిగినచో ఆ ప్రశ్నయే మఱియొక బరువగును. పౌరుషముచే "నాకేమియు శ్రమలే" దనువారును కలరు. కన్ను పని నడుమనే, అడుగకయే, సాక్ష్యము చెప్పును. అద్దములో మన కంటి కదలిక మనకు కనబడనట్లే, మోయలేని బరువు తలకెక్కినదన్న సంగతి మోయువానికి చివర తెలియును. 401వ విమానములోని వారికి అదియు తెలియలేదు.

అయినను ఈ సాక్షిని గ్రుడ్డిగా నమ్మరాదు. వెలుగు మాఱినచో కనుపాప రెండు మిల్లీమీటర్లనుండి ఎనిమిది మిల్లీమీటర్ల వఱకు మాఱును. మనోభారముచే వచ్చు మార్పు సాధారణముగా అర మిల్లీమీటరునకు మించదు. మేఘము చాటునుండి సూర్యుడు వెలికివచ్చినంతనే ఆ స్వల్పభేదము మునిగిపోవును. భయము, ఆశ్చర్యము, ఇష్టము గూడ కనుపాపను విప్పును. అలసట, పొడిగాలి ఱెప్పపాటును మార్చును. చూపు నిలిచినంత మాత్రమున మనస్సు అచ్చట నున్నదని లేదు; పుస్తకముపై కన్నుంచి ఆటస్థలమున మనస్సుంచు బాలురు ప్రతి తరగతిలోను కలరు. కావున పండితులు కనుపాప, ఱెప్ప, చూపు నిలుకడ, చూపు త్రోవ, గుండె కొట్టుకొను వేగము, చోదకుని నోటిమాట అన్నింటిని కలిపియే తీర్పు చెప్పుదురు. మన దేశముననే బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలోని పరిశోధకులును వారి సహచరులును ఇట్టి కంటి కొలతలను నేలపై కృత్రిమ విమానమందును, నిజముగా ఎగురుచున్న విమానమందును పరీక్షించి 2019లో ప్రకటించిరి. వెలుగు, కుదుపు, వేగము గల నిజమైన ఆకాశమున కొలచుటయే ఇందు కష్టమైన మెట్టు.

కొలత చేతికి వచ్చిన పిమ్మట దానితో ఏమి చేయుదుమన్నది వేఱు ప్రశ్న. బరువు ఎచ్చట పెరుగుచున్నదో తెలిసికొని పరికరములను సవరించుటకు, శిష్యునికి అతని చూపు నడచిన త్రోవను చూపి నేర్పుటకు దానిని వాడినచో అది మేలు. నీ కన్ను తడబడినదని చోదకుని జీతము కోయుటకు వాడినచో అది కీడే యగునని నా యభిప్రాయము. తనిఖీ అధికారి వెనుక బల్లపై కూర్చున్న దినమున ఉపాధ్యాయుడు పాఠము చెప్పు తీరు వేఱని మా యింట నేనెఱుగుదును. భయపడువాని కన్ను నిజము చెప్పదు, భయమునే చెప్పును. మఱియు బరువు ఎక్కువగుట ఒక్కటే అపాయము గాదు. యంత్రమే అంతయు నడుపగా పనిలేక కూర్చున్న చోదకుని మనస్సు మఱియొక తీరున జాఱును. కొలత ఈ రెండు వైపులను చూడవలయును.

సోదరీమణులారా, మన వంటింట కెమెరాలు లేవు, ఉండవలదు గూడ. కాని పొయ్యిమీద రెండు గిన్నెలు, చంకలో బిడ్డ, వాకిట అతిథి, మనస్సులో రేపటి బడిరుసుము మోయుచున్న యిల్లాలికి బరువు లేదని ఎవరనగలరు? ఆమె పిలిచినను పలుకదు. ఎదుట పాలు పొంగుచున్నను చూడదు. ఱెప్ప వేయక ఒక్కచోటనే చూచుచుండును. దానిని మనము పరాకనియు, పొగరనియు అందుము. ఇకమీదట మీ కోడలో కూతురో అట్లు నిలిచిపోయినప్పుడు, "వినబడలేదా?" యని గద్దించుటకు ముందు ఆమె కన్నులవంక ఒక్కసారి చూడుడు. చూచి, ఆమె చేతిలోని పను లలో నొకటి మీ చేతికి తీసికొనుడు.